గోడ ఏడిస్తే ఇల్లాలి తప్పా? ఇంగ్లాండు ఇళ్లలో చెమ్మ, పిల్లల దగ్గు

చలికాలం చివర్లో మన ఆసుపత్రి ఓ.పి.కి అరవై దాటిన ఒక అమ్మగారు దగ్గుతో వచ్చారు. ఆరు నెలలు ఇంగ్లాండులో కూతురి దగ్గర ఉండి తిరిగి వచ్చి పది రోజులైంది. అక్కడ ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు దగ్గు, ఆయాసం. ఇక్కడికి వచ్చిన వారానికే సగం తగ్గిందట. రెండు వారాలు దాటిన దగ్గు కనుక ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాము. క్షయ లేదు. మందు రాసేముందు ఇంటి సంగతులు అడిగాము. అప్పుడు ఆమె చెప్పిన మాట ఇది:

"డాక్టరమ్మగారూ, ఆ ఇంట్లో పడమటి గోడ ఏడుస్తుందండీ. వాన కురిసిన మర్నాడు చెయ్యి పెడితే తడి. నల్లగా బూజు. మా మనవడికి నాలుగేళ్లు. వాడి మంచం ఆ గోడ పక్కనే. వాడికీ రాత్రయితే పిల్లికూతలే."

ఆమె కూతురు మన నర్సింగ్ స్కూల్లోనే చదువుకుంది. ఇప్పుడు ఇంగ్లాండు వాయవ్య తీరాన ఒక ఊళ్లో స్టాఫ్ నర్సు. మేము ఫోను చేస్తే మొదట సిగ్గుపడింది. "అందరూ నా వంట వల్లే అంటున్నారు మేడమ్" అంది. ఇల్లు చూడటానికి వచ్చిన ఒక పనివాడు పొయ్యి మీద కుక్కరు చూసి, "మీరు అన్నాలు, కూరలు ఎక్కువ వండుతారు, కిటికీలు తియ్యరు, అందుకే బూజు" అని చెప్పి వెళ్లిపోయాడట. ఆమె ఇడ్లీలు మానేసింది. బట్టలు ఇంట్లో ఆరవేయడం మానేసింది. గడ్డకట్టే చలిలో కిటికీలు తీసి పెట్టింది. చెమ్మ మాత్రం తగ్గలేదు. పద్నాలుగు నెలల తరువాత గోడకు చిన్న రంధ్రం చేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. గోడ లోపల కూరిన ఉన్ని నీళ్లు తాగి ముద్దయి ఉంది.

మన ఊళ్ల నుండి ఆ దేశానికి వెళ్లిన నర్సులు, డాక్టర్లు, ఇతర ఉద్యోగులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల పిల్లల్ని చూసుకోవడానికి వెళ్లి వచ్చే తల్లిదండ్రులు మన పాఠకుల్లో చాలామంది. అందుకే ఈ సంచికలో ఈ గోడ జబ్బు గురించి వివరంగా రాస్తున్నాము.

రెండు గోడల మధ్య ఖాళీ

మన వైపు ఇంటి గోడ అంటే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు పూత. అక్కడి పద్ధతి వేరు. 1920లు, 30ల నుండి ఆ దేశంలో ఎక్కువ ఇళ్లకు జంట గోడలు కడుతున్నారు. బయట ఒక ఇటుక వరస, లోపల మరొక వరస, మధ్యలో సుమారు 5 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకన్న ఎక్కువ ఖాళీ. రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడ ఇనుప కట్లు వేస్తారు.

ఈ ఖాళీ ఎందుకు? ముఖ్యంగా వాన కోసం. అక్కడి వాన మన జడివాన వంటిది కాదు. గంటల తరబడి, గాలితో కలిసి అడ్డంగా వచ్చి గోడను కొడుతుంది. బయటి ఇటుక ఆ నీటిని పీల్చుకుంటుంది. కొంత నీరు లోపలి ముఖానికి చేరినా, ఖాళీ ఉంది కనుక అక్కడే కిందికి జారిపోతుంది. లోపలి గోడ పొడిగా ఉంటుంది.

1970ల నుండి ఇంధనం ధర పెరిగి, ఈ ఖాళీని నింపితే ఇల్లు వెచ్చగా ఉంటుందని ఆ పని మొదలుపెట్టారు. బయటి గోడకు ఇటుకల సందుల్లో సుమారు రెండున్నర సెంటీమీటర్ల రంధ్రాలు చేసి, గొట్టంతో లోపలికి ఉన్ని వంటి పీచును, లేదా థర్మాకోల్ పూసలను ఊదుతారు. పాత రోజుల్లో నురగ కూడా పోసేవారు. తరువాతి కాలంలో ప్రభుత్వం విద్యుత్తు, గ్యాసు కంపెనీల మీద బాధ్యత పెట్టడంతో లక్షల ఇళ్లకు తక్కువ ధరకో ఉచితంగానో ఈ పని జరిగింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సరైన ఇంటికి, సరైన పద్ధతిలో చేస్తే ఇది మంచి పనే. చాలా ఇళ్లలో ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు వెచ్చగా ఉంటే పిల్లలకు, ముసలివారికి ఆరోగ్యం కూడా. ఇబ్బంది అంతా చేయకూడని ఇంటికి చేసినప్పుడు, లేదా అశ్రద్ధగా చేసినప్పుడు వస్తుంది.

ఎక్కడ చెడుతుంది?

1. వానగాలి ఎక్కువగా తగిలే ఇల్లు. బ్రిటన్‌ను గాలివాన తాకిడిని బట్టి నాలుగు మండలాలుగా విభజించారు. పడమటి తీరాలు, వేల్స్, కొండ అంచులు ఎక్కువ తాకిడి గలవి. అలాంటి చోట ఖాళీని నింపితే, నీరు జారిపోయే దారి మూసుకుపోయి లోపలి గోడకు వంతెన దొరుకుతుంది.

2. బయటి గోడ బాగుచేయకుండా నింపడం. ఇటుకల మధ్య సిమెంటు రాలిపోయి, పూత పగిలి ఉంటే నీరు ధారాళంగా లోపలికి వస్తుంది. మొదట గోడ బాగుచేసి తరువాత నింపవలసింది తారుమారవుతుంది.

3. ఖాళీ అడుగున చెత్త. ఇల్లు కట్టిన నాడు పడిన సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు అడుగున, ఇనుప కట్ల మీద ఉండిపోతాయి. వాటి మీదుగా తడి దాటుతుంది.

4. సమంగా నింపకపోవడం. కొన్నిచోట్ల పీచు కిందికి కుంగిపోయి, కొన్నిచోట్ల అసలు చేరక ఖాళీలు మిగులుతాయి. ఆ మచ్చలు చల్లగా ఉంటాయి. గదిలోని ఆవిరి అక్కడే నీరై బూజు పడుతుంది.

5. గాలి ఇటుకలు మూసుకుపోవడం. చెక్క నేల కింద గాలి ఆడడానికి గోడ అడుగున రంధ్రాల ఇటుకలు ఉంటాయి. పీచు వాటిని మూసేస్తే నేల కింద చెక్క కుళ్లుతుంది.

మన ఇళ్లలో దూది బొంత వానకు తడిస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా. బరువు పెరుగుతుంది, వెచ్చదనం పోతుంది, ఒక పట్టాన ఆరదు. గోడలో తడిసిన పీచు కూడా అంతే. చలిని ఆపడానికి పెట్టినదే చలిని లోపలికి తెస్తుంది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. గోడ లోపల తడిస్తే ఆ గోడ చల్లబడుతుంది. చల్లని గోడ మీద మామూలు ఇంటి ఆవిరి కూడా నీరవుతుంది. చూసినవాడు "ఇది ఆవిరి వల్ల వచ్చిన చెమ్మ" అంటాడు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. కాని ఆ ఒక్క గోడ అంత చల్లగా ఎందుకుందని అడగకపోతే, జ్వరానికి మాత్ర ఇచ్చి జ్వరం ఎందుకొచ్చిందో వెదకనట్లే.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు

ముందుగా మీ ఇంటికి జంట గోడ ఉందా అని చూడండి. తలుపు దగ్గరో కిటికీ దగ్గరో గోడ మందం కొలిస్తే 26 సెంటీమీటర్లకు మించి ఉంటే జంట గోడ కావచ్చు. బయటి ఇటుకలన్నీ పొడుగు వైపే కనిపిస్తుంటే అదీ ఒక గుర్తు. నింపారా లేదా తెలియాలంటే ఇటుకల సందుల్లో వరసగా పూడ్చిన గుండ్రని మచ్చలు వెదకండి.

తరువాత ఈ కిందివి చేయండి.

మచ్చ చుట్టూ పెన్సిలు గీత గీసి తేదీ వేయండి. వాన ఎప్పుడు పడింది, గాలి ఏ వైపు నుండి వీచింది, మచ్చ గీత దాటిందా, ఒక నోటు పుస్తకంలో రాయండి. వానగాలి తరువాత పెరిగి, పొడి రోజుల్లో తగ్గితే నీరు బయటి నుండి వస్తున్నట్టు అనుమానించాలి. వానతో నిమిత్తం లేకుండా చలి ఉదయాల్లో, మూలల్లో, బీరువాల వెనుక, కిటికీల చుట్టూ వస్తే ఆవిరి వాటా ఎక్కువ. నేల నుండి సుమారు మీటరు ఎత్తు వరకే, అడ్డగీతలా ఉంటే కింది నుండి పీల్చుకునే చెమ్మ కావచ్చు.

మచ్చను తుడిచి ఆరనిచ్చి, దాని మీద వంటింటి అల్యూమినియం రేకును నాలుగు వైపులా టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత విప్పి చూడండి. గది వైపు తడి ఉంటే ఆవిరి. గోడ వైపు తడి ఉంటే గోడలోనే నీరు. ఇది తుది తీర్పు కాదు గాని దారి చూపుతుంది.

గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు కొని పెట్టుకోండి. 40 నుండి 60 శాతం మధ్య ఉండడం మంచిది. అది సరిగా ఉన్నా ఒక్క గోడే తడుస్తుంటే, మీ వంటను తప్పుపట్టడానికి లేదు.

గోడను అనుమానించే ముందు బయటికి వెళ్లి పైకి చూడండి. వాననీటి గట్టరు పగిలిందా, గొట్టం కారుతోందా, ఇటుకల సందులు రాలాయా, పెరటి మట్టి గోడకు ఎగదోసి ఉందా? మట్టి, గచ్చు ఏదైనా గోడలోని చెమ్మ నిరోధక పొరకు 15 సెంటీమీటర్లు కిందనే ఉండాలి. చాలాసార్లు రోగం ఇంత చిన్నదిగానే ఉంటుంది.

గోడ తెరిచి చూడడం

ఇవన్నీ చూశాక అనుమానం మిగిలితే, స్వతంత్రంగా పనిచేసే ఇళ్ల సర్వేయరును పిలవండి. తీసే పనో నింపే పనో అమ్ముకునే మనిషి కాకూడదు. మనకు ఎండోస్కోపీ ఎలాగో గోడకూ అలాగే. ఇటుకల సందులో చిన్న రంధ్రం చేసి కెమెరా గొట్టం పంపి లోపల చూస్తారు. ఉష్ణోగ్రత చూపే కెమెరాతో చల్లని మచ్చలు తెలుస్తాయి. గోడకు ఆనించే తేమ మీటరు ఒక్కదాన్నే నమ్ముకుని చెప్పే నిర్ణయం చాలదు. నివేదిక రాతపూర్వకంగా, ఫోటోలతో అడగండి.

పీచు తడిసి చెడిందని తేలితే దాన్ని తీసివేయడమే మందు. గోడ అడుగున, మరికొన్ని చోట్ల కొన్ని ఇటుకలు ఊడదీసి, పై నుండి గాలిని బలంగా ఊది, కింది నుండి పెద్ద వాక్యూంతో లాగుతారు. పూసలైతే గింజలు ఒలికినట్టు వస్తాయి. తడిసిన పీచు ముద్దలుగా వస్తుంది. పాత నురగను విరగ్గొట్టి తీయాలి, కష్టం ఎక్కువ. తీశాక ఇటుకలు మూసేముందు మళ్లీ కెమెరాతో చూపించమనండి. అడుగు చెత్త తీశారా, ఇనుప కట్లు తుప్పు పట్టాయా, గాలి ఇటుకలు తెరిచి ఉన్నాయా, ఈ మూడూ అప్పుడే చూడాలి.

ఆ తరువాత ఓపిక పట్టాలి. తడిసిన గోడ ఆరడానికి నెలకు అంగుళం చొప్పున పడుతుందని పనివాళ్ల లెక్క. నాలుగైదు నెలలు మామూలే. ఈలోగా తొందరపడి తడి ఆపే రంగులు వేయిస్తే లోపలి తేమ అక్కడే బందీ అవుతుంది.

మళ్లీ నింపాలా? గోడ పూర్తిగా ఆరి, బయటి మరమ్మతు జరిగి, ఆ ఇల్లు ఉన్న చోటుకు తగునని సర్వేయరు రాసి ఇస్తేనే. లేకుంటే ఖాళీగా వదిలి, అటక మీద పరుపు మందంగా వేయించుకోవడం మేలు. అక్కడ 27 సెంటీమీటర్ల మందం ప్రమాణం. బయటి గోడకు ఉచితంగా పలకలు అతికిస్తామని ఎవరైనా వచ్చినా తొందరపడకండి. ప్రభుత్వ పథకాల కింద అలా చేసిన ఇళ్లలో 98 శాతానికి సరిచేయవలసిన లోపాలు ఉన్నాయని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 అక్టోబరులో తెలిపింది.

ఖర్చు ఎవరిది?

సొంత ఇల్లయితే మొదట హామీ పత్రం వెదకండి. 1995లో ఏర్పడిన కావిటీ ఇన్సులేషన్ గ్యారంటీ ఏజెన్సీ 25 ఏళ్ల హామీ ఇస్తుంది. ఇల్లు చేతులు మారినా హామీ ఇంటితోనే ఉంటుంది. కాగితం లేకపోయినా చిరునామా చెప్పి అడగవచ్చు. పని చేసిన కంపెనీ మూతబడినా హామీ పోదు. అయితే గోడను బాగా ఉంచుకునే బాధ్యత యజమానిదే కనుక, మీరు చేయించిన మరమ్మతుల రసీదులు, ఫోటోలు భద్రపరచండి.

"గెలిస్తేనే ఫీజు" అని తలుపు తట్టేవారితో జాగ్రత్త. ఇలాంటి దావాలు వేలకొద్దీ నడిపిన ఒక న్యాయవాద సంస్థ 2024 జనవరిలో కూలిపోయింది. ఎదుటి పక్షం ఖర్చులు కట్టమని ఆ కక్షిదారులకు బిల్లులు వచ్చాయి. సంతకానికి ముందు సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయంలో ఉచితంగా సలహా తీసుకోండి.

అద్దె ఇల్లయితే ఇంటివారికి ఫోనులో కాదు, రాతపూర్వకంగా తెలపండి. ఫోటోలు, నోటు పుస్తకం, డాక్టరు ఉత్తరం జతచేయండి. వారు పలకకపోతే స్థానిక కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య అధికారిని పిలవవచ్చు.

ఇక్కడ ఒక బిడ్డ పేరు చెప్పక తప్పదు. రాచ్‌డేల్ ఊళ్లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. అద్దె ఇంట్లో బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. అది గోడలో పీచు కథ కాదు. కాని తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ చెప్పుకున్నా, వారి జీవన విధానమే కారణమని ఇంటివారు అనుకున్నారు. ఆ బిడ్డ పేరు మీదే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుండి ఇంగ్లాండులో కౌన్సిల్, హౌసింగ్ సంఘాల అద్దె ఇళ్లకు అమలవుతోంది. తీవ్రమైన చెమ్మ, బూజు గురించి తెలిపితే 10 పని దినాల్లో పరిశీలించాలి. ప్రమాదం ఉందని తేలితే తరువాతి 5 పని దినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అత్యవసరమైతే 24 గంటల్లోనే.

ఈలోగా ఆరోగ్యం

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, పిల్లికూతలు, దగ్గు, ముక్కు కారడం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు, క్యాన్సరు మందులు లేదా ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పిల్లల మంచం ఆ గోడ నుండి, వీలైతే ఆ గది నుండే మార్చండి. బీరువాలు గోడకు జానెడు దూరం జరపండి.

మీటరు చదరం లోపు బూజును సబ్బు నీటి గుడ్డతో తుడవవచ్చు. మాస్కు, గ్లవ్సు, కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల్ని బయటికి పంపి, గది తలుపు మూసి, కిటికీ తెరిచి చేయండి. పొడిగా గీకవద్దు, పొడి లేస్తుంది. బ్లీచింగును మరే క్లీనరుతోనూ కలపవద్దు, విషవాయువు వస్తుంది. అంతకు మించి ఉంటే పనివాళ్లకే వదలండి.

వంట చేస్తూ ఫ్యాను వేయడం, గిన్నె మీద మూత పెట్టడం, స్నానం తరువాత తలుపు మూసి ఫ్యాను వేయడం ఎలాగూ మంచివే. గదులు 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా చూడండి.

బిడ్డకు ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుతున్నా, మాట్లాడలేకపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా గోడ సంగతి తరువాత. వెంటనే 999కి ఫోను చేయండి.

అక్కడి నుండి తిరిగి వచ్చిన పెద్దలకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే బూజు అని సరిపెట్టుకోవద్దు. క్షయ పరీక్ష చేయించుకోవలసిందే.

ఆ ఇల్లు ఇప్పుడు

మన సిస్టరు కొన్న ఇంటికి పాత యజమాని ఎప్పుడో పీచు నింపించాడు. కాగితాలు లేవు. ఆ చిరునామా మీద హామీ నమోదు కాలేదు. పని చేసిన కంపెనీ ఎవరిదో తెలియలేదు. వాళ్లు సొంతంగా రెండు వేల పౌండ్లకు పైగా పెట్టి పీచు తీయించి, పడమటి గోడ ఇటుకల సందులు మళ్లీ పూరించుకున్నారు. ఆ డబ్బు ఇక్కడ చెల్లెలి చదువుకని దాచింది. గోడ ఆరడానికి ఐదు నెలలు పట్టింది. ఇల్లు కాస్త చల్లబడింది, గ్యాసు బిల్లు పెరిగింది. బాబుకు ఇన్‌హేలరు ఇంకా దగ్గరే ఉంది గాని, ఈ చలికాలం రాత్రిళ్లు నిద్రపోతున్నాడట. ఇంట్లో మళ్లీ ఇడ్లీలు వండుతున్నారు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఈ సంగతిలో మాత్రం ఆ మాట పట్టుకోవద్దని మా మనవి. బూజు చూసి తల్లిని తప్పుపట్టే ముందు గోడ లోపల ఒకసారి చూడండి. మీ పిల్లలు ఆ దేశంలో ఉంటే ఈ పేజీలు కత్తిరించి, ఫోటో తీసి పంపండి. ఫోనులో మాట్లాడేటప్పుడు "దగ్గు తగ్గిందా" అని అడగడంతో పాటు "ఏ గోడ పక్కన పడుకుంటున్నాడు" అని కూడా అడగండి.